తలలు లేని ఫోటోలు

ఆ రోజుల్లో చిక్కపేటలో పెళ్లయిందంటే ఫోటోలు నేను తీయాల్సిందే. నేను రాలేదని ముహూర్తం ఆపిన పెళ్లికొడుకులూ ఉన్నారు. అంతటి చేయి నాది. అందుకే, కాడుగోడిలో మా మనవరాలి నర్సరీ బడివాళ్లు నాలుగేళ్ల పిల్లలకు వంతులవారీగా కెమెరా ఇచ్చి ఇంటికి పంపుతున్నారని తెలిసి నాకు ఒళ్లు మండింది. (మా స్టూడియో ఓనరు తన కెమెరా మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు.) శని, ఆదివారాల్లో ఇంట్లో నచ్చినవి తీసి, సోమవారం తరగతిలో తెర మీద చూపిస్తూ వాటి గురించి పిల్లలే చెప్పాలట. మా పిట్టకు అదే పెద్ద పరీక్ష. ఇంట్లో గలగలలాడే పిల్ల, బడిలో చేరింది మొదలు అక్కడ నోరు విప్పింది లేదు. ఈసారైనా మాట్లాడుతుందేమోనని మా కోడలు కనిపించిన దేవుడికల్లా దండం పెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం చూద్దును కదా, కెమెరా నిండా మోకాళ్లు, మడమలు, కుర్చీ కోళ్లు! ఒక్క మనిషికీ తల లేదు. ఇవి చూసి మా వంశం గురించి ఏమనుకుంటారోనని, పిల్ల స్నానానికి వెళ్లగానే అన్నీ తుడిచేశాను. ఇంటిల్లిపాదికీ తల దువ్వించి, పౌడరు రాయించి, గోడ వారగా నిలబెట్టి, "గడ్డం దించండి, ఊపిరి బిగబట్టండి" అంటూ నేనే తీశాను. "ఎవురన్నా సచ్చిపోయినారా ఏంది, ఈ మొగాలేంది?" అని మా ఆవిడ విసుక్కుంది.

సోమవారం పెద్దవాళ్లనూ పిలిచారు. ముందు వరసలో కూర్చున్నాను. తెర మీద నా ఫోటో వెలిగింది. పిట్ట దాన్ని చూసింది, నన్ను చూసింది, తల దించుకుంది. టీచరమ్మ ఎంత బుజ్జగించినా ఊహూఁ. చివరికి టీచరమ్మే నావైపు తిరిగింది.

"ఇవి ఎవురు తీసినారు తాతా?"

"పాపే. నేను రవ్వంత సర్దినా, అంతే."

"పాప నా నడుముకు కూడా రాదు. ఈ ఫోటో చూస్తే మీ ఎత్తులోనించి తీసినట్ల ఉండాది. మీరు చూసింది ఆ బిడ్డ చెప్పాలంటే ఎట్ల తాతా?"

ఇక దాచి లాభం లేక తుడిచేసిన సంగతి చెప్పాను. (ఎలాగూ చెబుతున్నాను కనుక ఇదీ వినండి: ఆ పెళ్లిళ్లలో నేను పట్టుకున్నది లైటు. ముహూర్తం ఎవరూ ఆపలేదు.) టీచరమ్మ తల పట్టుకుని, కెమెరా తెచ్చి పిట్ట మెడలో వేసింది. పిట్ట చుట్టూ చూసి, నా ముందు చతికిలబడి, నా పాదాలను తీసింది. అవి తెర మీద గోడంత అయ్యాయి.

"ఇది మా తాత కాలు," అంది గట్టిగా. "గోర్లు కత్తిరించుకోడు, అవ్వ దినామూ తిడతాది. చెప్పులు మా నాయనవి. అడక్కుండా ఏసుకొచ్చినాడు."

తరగతి గొల్లుమంది. ఆ రోజు నుంచి బడిలో పిట్ట నోటికి మూత పడలేదు; ఇప్పుడు టీచరమ్మ బాధ టీచరమ్మది. నేను మాత్రం, పిల్లకు మాటలు వచ్చింది నేను కెమెరా నేర్పినందుకేనని చుట్టాలందరికీ చెప్పుకుంటున్నాను. ఈ వయసులో ఆ మాత్రం గొప్ప లేకపోతే పొద్దెలా పోతుంది? మొన్న పక్కింటాయనకు ఇదే చెబుతుంటే, పిట్ట ఆట ఆపి వచ్చి నిలబడింది.

"నువ్వేమీ నేర్పలేదు తాతా. నా ఫోటోలు తుడిపేసినావు. ఇంకా తెచ్చియ్యనేలేదు."