శెనక్కాయ చేలో లంగరు

కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో, మా వైపు ఏ స్విచ్చునూ ఆపి ఉంచేవాళ్లు కాదు. పొలాలకు కరెంటు ఒక వారం పొద్దున వచ్చేది, ఒక వారం మధ్యాహ్నం వచ్చేది, ఒక్కోసారి అసలే వచ్చేది కాదు. వచ్చినప్పుడు బోరు దగ్గర మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు. అందుకని స్టార్టరుకున్న పచ్చ బటన్‌ను లోపలికి నొక్కి, అది మళ్లీ బయటికి రాకుండా ఒక వేపపుల్ల అడ్డం పెట్టి ఇంటికి పోయేవాళ్లు. కరెంటు వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఇలా చేస్తే ఏదో ఒకరోజు మోటారు కాలిపోతుందని నేను ఐటీఐలో చదువుకున్నాను. అయితే కాలిన మోటార్లకు వైండింగ్ చేయడమే కదిరిలో మా చిన్నాయనకు బతుకుతెరువు. ఆయన దగ్గరే నేను పని చేసేవాణ్ణి కాబట్టి, ఆ చదువును పెద్దగా బయటపెట్టేవాణ్ణి కాదు. (చిన్నాయన తన సొంత బోరుకు కూడా పుల్లే పెట్టేవాడు. అది కాలినప్పుడల్లా తనే విప్పి, తనను తనే తిట్టుకుంటూ వైండింగ్ చేసుకునేవాడు.)

ఆయన పోయి ఇంకా సంవత్సరీకం కాలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇంట్లోవాళ్లు అడిగారు. గొప్ప మాటలు రాయబోతే అవి ఆయనవిగా అనిపించలేదు. నాకు బాగా గుర్తున్నది పడవ సంగతి. అదే రాస్తున్నాను.

అనంతపురం జిల్లాలో పడవ ఏమిటని అడగవచ్చు. మేమూ అదే అడిగాం. వరసగా వానలు లేని ఏళ్లవి. కదిరి దాటి అనంతపురం పోయే రోడ్డులో, ఎండిపోయిన శెనక్కాయ చేని పక్కన, ఒక పొడుగాటి లారీ యాక్సిల్ విరిగి నిలబడిపోయింది. దాని మీద తెల్లటి తెరచాప పడవ ఒకటి ఉంది. మద్రాసు హార్బరు నుంచి గోవాకు తీసుకుపోతున్నారట. అక్కడ టూరిస్టులు దాన్ని వారానికో, పది రోజులకో బాడుగకు తీసుకుని సముద్రంలో తిరుగుతారట. తెరచాప స్తంభాన్ని ఊడదీసి పడవ మీదే పొడుగ్గా పడుకోబెట్టి కట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చి చూశారు. పక్క ఊరి అవ్వ ఒకామె బిందె చంకన పెట్టుకుని దాని చుట్టూ తిరిగి, "దీనికి చక్రాల్లేవే, ఎట్ల పోతాదప్పా ఇది?" అంది. "నీళ్ల మింద పోతాదవ్వా," అన్నాడు చిన్నాయన. "నీళ్ల మింద పోయేది ఈడికెందుకొచ్చినాది?" అంది అవ్వ.

పడవకు కెప్టెన్ ఒక మంగళూరు మనిషి. ఆయన కన్నడం మాకు బాగానే అర్థమయ్యేది, మా తెలుగు ఆయనకు సగం అర్థమయ్యేది. మనం 'అప్పా' అన్నట్టు ప్రతి మాట చివర 'మారాయా' అనేవాడు కాబట్టి ఊళ్లో ఆయన పేరు మారాయా కెప్టెన్ అయిపోయింది. ఆయనతో వచ్చిన కరెంటు పనివాడు ఇక్కడి ఎండ చూసి, చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. బెంగళూరు నుంచి ఓనరు పడవను చూసుకోవడానికి వస్తున్నాడు. ఆలోగా పడవలోని కరెంటు సామాన్లన్నీ పనిచేయాలి. కెప్టెన్ మా షాపుకొచ్చి, చుట్టూ కాలిన మోటార్ల మధ్య కూర్చున్న నన్ను చూసి, "ఓనరు ముందర అన్నీ సరిగ్గా పనిచేస్తే ఆ ఉద్యోగం నీదే, మారాయా. నాతో గోవాకు రావచ్చు," అన్నాడు. నాకు ఇరవై రెండేళ్లు. సముద్రాన్ని లైబ్రరీ పుస్తకాల్లో చాలాసార్లు దాటాను గానీ కళ్లతో చూసింది లేదు. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, మోటారే దింపనివాడికి వైండింగ్‌తో పనేముంది? షాపులో ఇద్దరికి పని లేదని నాకూ తెలుసు, చిన్నాయనకూ తెలుసు. ఆయన నాతో అనలేదు, అంతే. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఆ క్షణంలో తెలిసింది.

పడవలోకి దిగే మెట్ల పక్కన గోడకు వరసలు వరసలుగా చిన్న స్విచ్‌లు ఉండేవి. ఏది ఏమిటో కెప్టెన్ చూపించాడు. బ్యాటరీలు రెండు జట్లు. ఒకటి ఇంజను స్టార్ట్ చేయడానికి మాత్రమే, రెండోది లైట్లకూ ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ పంపులకూ. ఇంజను బ్యాటరీని ఫ్యాన్లకు వాడేస్తే సముద్రం మధ్యలో ఇంజను లేవదు, తోయడానికి అక్కడ ఎవరూ ఉండరు అన్నాడు. తాగే నీళ్ల పంపు కొళాయి తిప్పగానే తిరుగుతుంది, ట్యాంకులో నీళ్లయిపోతే ఉత్తగా తిరిగి కాలిపోతుంది కాబట్టి చెవి అటే పెట్టి ఉండాలి. పడవ అడుగున ఇంకొక పంపు ఉంటుంది. లోపలికి చేరిన నీళ్లను అది పక్కనున్న రంధ్రం గుండా బయటికి కొడుతుంది. వీటన్నిటికీ పైన ఒక ఎర్ర స్విచ్. అది ఆపితే పడవ మొత్తం ఆగిపోతుంది. "మనిషి లేనప్పుడు ఎర్రది ఆపి ఉండాలి. మనిషి వచ్చాక, అన్నీ ఆపి ఉన్నాయని చూసుకుని, అప్పుడే తిప్పాలి," అన్నాడు కెప్టెన్. చిన్నాయన ఇది వింటూ నా వెనకే ఉన్నాడు. "ఇదేం పద్దతప్పా. కరెంటొచ్చినప్పుడు మనం ఈడ లేకపోతే?" అన్నాడు. "కరెంటు రాదు మారాయా. బ్యాటరీలోనే ఉంటుంది." కరెంటు ఒక పెట్టెలో కూర్చుని మనం పిలిచేదాకా ఎదురుచూస్తుందనడం మా జిల్లా అనుభవానికి సరిపోయే మాట కాదు. కెప్టెన్ మోసపోయాడని ఆయన అనుకున్నట్టు ముఖం చూస్తే తెలిసింది.

ఆ రోజుల్లో నేను అన్నం తింటూ కూడా స్విచ్‌ల వరస వల్లె వేసుకునేవాణ్ణి. ఫ్యాను, ఫ్రిజ్, లోపలి లైట్లు, పడవ బయటి దీపాలు, హారను, నీళ్ల పంపు, అడుగు పంపు, చివరిది లంగరును దించి ఎక్కించే మోటారు. పిన్నమ్మ ఇంకొంచెం పెరుగు వెయ్యనా అని అడిగితే "ముందు ఎర్రది" అన్నానట. ఓనరు వచ్చే రోజు పొద్దున కెప్టెన్ ఆయనను ఎదుర్కోవడానికి కదిరి వెళ్తూ, అడుగు పంపు ఒక్కటీ నీళ్లు పోసి చూడమన్నాడు. నీళ్లు పోయడమంటే అప్పట్లో చిన్న పని కాదు. ట్యాంకరు దగ్గర వంతు నిలబడి పట్టుకొచ్చిన బిందెను అవ్వ మాకివ్వడానికి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. "ఎట్ల పోస్తావో నాకు తెల్దు. నా బిందె నాకు నిండుగా రావాల." బిందెను పైకి లాగడానికి తాడు కావాల్సి వచ్చింది. చిన్నాయన పడవ ముందువైపు పోయి ఎక్కడినుంచో ఒక మంచి తాడు విప్పి తెచ్చాడు. ఎక్కడిదని నేను అడగలేదు. నా ధ్యాసంతా పంపు మీదే ఉంది.

బిందెడు నీళ్లూ అడుగున పోశాను. పంపు కదల్లేదు. స్విచ్ చూశాను, ఎర్రది చూశాను, వైర్లు చూశాను. చెమట నా ముక్కు మీదినుంచి ఆ నీళ్లలోకే కారుతోంది. పైనుంచి చిన్నాయన, "స్టార్టరు యాడుండాదో చూసినావా?" అన్నాడు. "దీనికి స్టార్టరుండదు చిన్నాయనా." "స్టార్టరు లేని పంపుంటాదారా?" అని గొణుక్కుంటూ ఆయన ముందువైపు పోయాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు కొంత ఎత్తుకు లేస్తే, లోపలున్న తేలే బుడ్డి పైకి లేచి, అప్పుడే పంపు తిరుగుతుంది. ఒక బిందె చాలదు. అవ్వను బతిమాలి ఇంకో బిందె తెప్పించి పోశాను. పంపు గుర్రుమని తిరిగింది. పక్కనున్న రంధ్రం నుంచి నీళ్లు ధారగా పడ్డాయి. అవ్వ పరుగున పోయి బిందె పట్టి, నీళ్లలో కలిసిన డీజిల్ వాసన చూసి, "దీంతో పొయ్యి అంటిచ్చుకోవచ్చు," అంది. చిన్నాయన ముందువైపు నుంచి నవ్వుతూ వచ్చాడు. "చూసినావా. నేను పెట్టినాక తిరిగినాది." ఏం పెట్టావని అడగాల్సింది. నేను సంతోషంలో ఉన్నాను, అడగలేదు.

ఓనరు మధ్యాహ్నం కారులో వచ్చాడు. ఆ చుట్టుపక్కల నీడ అంటూ ఉన్నది పడవ ముక్కు కింద మాత్రమే కాబట్టి డ్రైవరు కారును అక్కడే పెట్టి, టిఫిన్ క్యారియరు విప్పుకుని సీట్లోనే కూర్చున్నాడు. ఓనరూ కెప్టెనూ నిచ్చెన ఎక్కి లోపలికి వచ్చారు. ఓనరు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఒక్కొక్కటే వెయ్యి," అన్నాడు. నేను ఎర్రది తిప్పాను. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ పలికింది. దీపాలు వెలిగాయి. హారను మోగితే కింద నిలబడ్డ మేకలు చెదిరిపోయాయి. కొళాయిలో నీళ్లు వచ్చాయి. తేలే బుడ్డిని చేత్తో ఎత్తి పట్టుకుంటే అడుగు పంపు, అవ్వ నీళ్లలో మిగిలినవి బయటికి కొట్టింది. ఓనరు తల ఊపుతున్నాడు. కెప్టెన్ నా వైపు చూసి కన్ను గీటాడు. ఇక ఒక్కటే మిగిలింది. లంగరు మోటారు స్విచ్ వేసినంతమాత్రాన ఏమీ జరగదు. పడవ ముక్కు దగ్గర కాలితో నొక్కే బటన్లు ఉంటాయి, దించడానికి ఒకటి, ఎక్కించడానికి ఒకటి. నొక్కితేనే తిరుగుతుంది. కాబట్టి ధైర్యంగా వేశాను.

తల మీద గొలుసు గరగరమంటూ కదిలింది. పడవంతా అదిరింది. కెప్టెన్ ముఖం తెల్లబడి, "కింద కారు," అని మాత్రం అని మెట్లెక్కి పరిగెత్తాడు. ఓనరూ ఆయన వెనకే పోయాడు. నేను ఆపడానికి స్విచ్‌ల వైపు చేయి చాచాను. అన్ని రోజులు వల్లె వేసిన వరసలో ఒక్కటీ గుర్తు రాలేదు. మొదట ఫ్యాను ఆపాను. తర్వాత ఫ్రిజ్ ఆపాను. గొలుసు దిగుతూనే ఉంది. అప్పుడు కళ్లు మూసుకుని ఎర్రది తిప్పేశాను. అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. పైకి వచ్చి చూసేదాకా కింద ఏమైందో తెలియదు. ఆ నాలుగు మెట్లూ ఎక్కి పడవ ముక్కు వైపు పోయాను.

లంగరు కారు బానెట్‌కు జానెడు పైన వేలాడుతోంది. అద్దం వెనక డ్రైవరు ఉప్మా ముద్ద చేత్తో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. కెప్టెన్ పడవ ముక్కు దగ్గర వంగి, దించే బటన్ మీదినుంచి ఒక బరువైన రాయి తీశాడు. లంగరును కదలకుండా కట్టిన తాడు ఎక్కడికి పోయిందో కూడా ఆయనకు ఆ పక్కనే తెలిసింది, దాని కొసకు అవ్వ బిందెల్లో ఒకటి ఇంకా కట్టి ఉంది. "ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. గోవా నా చేతిలోంచి జారిపోవడం నాకు తెలుస్తోంది. ఏదైనా చెబుదామనుకునేలోపు కింది నుంచి చిన్నాయన, "నేనే పెట్టినా సారూ. వానికేం తెల్దు. అదే పంపు స్టార్టరనుకుని నొక్కితే పలకలేదు. కరెంటొచ్చినప్పుడు తిరుగుతాదని రాయి పెట్టినా," అన్నాడు. కెప్టెన్ రాయిని పక్కన పెట్టి, "తిరిగింది, మారాయా," అన్నాడు.

ఓనరు వచ్చి కిందికి తొంగి చూశాడు. లంగరును చూశాడు, కారును చూశాడు. "ఆపిందెవరు?" అన్నాడు. కెప్టెన్ నన్ను చూపించాడు. "ఎర్రది తిప్పమని నేను చెప్పలేదు సార్. తనే తిప్పాడు." (ఫ్యాను, ఫ్రిజ్ ముందు ఆపిన సంగతి ఆయన చూడలేదు.) ఓనరు తల ఊపి, కారును ఎండలో పెట్టమని డ్రైవరుకు చెప్పి, నా పేరు అడిగాడు. ఉద్యోగం దొరికిందని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చిన్నాయనకు నాకంటే ముందే అర్థమైంది. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఎండకే అనుకున్నాను. లంగరును మళ్లీ పైకి ఎక్కించాలి కదా, కెప్టెన్ నాతో ఎర్రది మళ్లీ వేయించి, చిన్నాయనను పైకి పిలిచి, ఎక్కించే బటన్ చూపించి, "నువ్వే నొక్కు. కానీ కాలితో," అన్నాడు. చిన్నాయన చెప్పులు విప్పి నొక్కాడు. లంగరు పైకి వచ్చింది. "కాలు తియ్యి," అంటే తీశాడు. గొలుసు ఆగింది. "మనిషి తీస్తే ఆగిపోతాదా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ రాయిని దాచుకుని ఉంటే ఈ కథకు బాగుండేది. చిన్నాయన దాన్ని అప్పుడే చేలోకి విసిరేశాడు. ఆ చేలో అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి.

గోవాలో చాలా ఏళ్లు పడవల మీద పనిచేశాను. వచ్చిన ప్రతి అతిథికీ మొదటి పూట నిలబెట్టి పాఠం చెప్పేవాణ్ణి: ఏ స్విచ్చూ వేసి వదిలేయకండి, వాడకపోతే ఆపండి. ఎర్రది తిప్పే ముందు మాత్రం ఒకసారి పడవ ముక్కుదాకా పోయి చూసి వచ్చేవాణ్ణి. అన్ని ఏళ్లలో అక్కడ ఎవరూ రాయి పెట్టలేదు. చిన్నాయన సముద్రం చూడటానికి రమ్మంటే రాలేదు. ఫోను చేసినప్పుడల్లా ఆయన మొదట అడిగేది ఒకటే, "ఆడ కరెంటు ఎట్లుండాది?"

కర్మకాండలు అయ్యాక ఆయన చేని దగ్గరికి వెళ్లాను. బోరు ఎప్పుడో ఎండిపోయింది, మోటారు పైకి తీసేశారు. షెడ్డులో గోడకు స్టార్టరు పెట్టె మాత్రం ఉంది. దానికి వైర్లు లేవు. పచ్చ బటన్‌కు అడ్డంగా వేపపుల్ల అలాగే ఉంది. ఇన్నేళ్లు నేర్చిన పని ఊరుకోలేదు, పుల్ల తీశాను. బటన్ టక్కున బయటికి వచ్చింది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. కాసేపు నిలబడి, మళ్లీ లోపలికి నొక్కి, పుల్ల ఉన్నచోటే పెట్టాను. అది జారదని వేలితో తట్టి చూశాను కూడా. తర్వాత, నా అతిథులెవరైనా చూశారేమో అన్నట్టు, ఆ ఖాళీ చేలో ఒకసారి చుట్టూ చూసుకుని వచ్చేశాను.