సంత మర్నాడు ఆట

డ్రిల్లు మాస్టారు పోయారని నాకు సంతలో తెలిసింది. ముంచింగిపుట్టు సంతలో పసుపు కొమ్ములు పోసుకుని కూర్చున్న ఆడమనిషి, నేను ధర అడగకముందే, "బంతి మాస్టారు పోనారట బాబూ, నీకు తెల్దా?" అంది. ముందు రోజు సాయంత్రం స్కూలు మైదానంలో కుర్రాళ్లతో కలిసి రాళ్లు ఏరారట. ఇంటికొచ్చి, ఛాతీ నొప్పంటూ అరుగు మీద కూర్చున్నారట. అంబులెన్సు ఇంకా ఘాటీ రోడ్డు ఎక్కుతుండగానే అయిపోయింది.

మూడో రోజున పేపర్లో నాలుగు లైన్లు వేశారు. "గిరిజన క్రీడాజ్యోతి ఆరిపోయింది" అని శీర్షిక. ఆయన బతికున్నప్పుడు ఆ పేపరు ఆయన జట్టు పేరు ఒకే ఒక్కసారి అచ్చువేసింది, అదీ తప్పుల్తో. మనిషి వెలిగినన్నాళ్లూ కన్నెత్తి చూడనివాళ్లకి ఆరిపోగానే జ్యోతి కనిపిస్తుంది.

నేను కింద పాచిపెంట నుంచి తెలుగు పండితుడిగా కొండెక్కినవాణ్ణి. ఆయన ఈ కొండల్లోనే పుట్టినవారు. ఒకే స్టాఫ్ రూములో ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాం. నిజం చెప్పుకోవాలంటే, అందులో మొదటి పదేళ్లు ఆయన నా కంటికి మెడలో ఈల వేసుకున్న మనిషి మాత్రమే. బీరువాల కొద్దీ పుస్తకాలు చదివానన్న పొగరు నాది. అంత చదివినా పక్క కుర్చీలో ఉన్న మనిషిని చదవడం రాలేదు.

జట్టుని ఆయన మైదానంలో ఎంచేవారు కాదు. సంత రోజు పొద్దున్నే ఘాటీ మలుపులో ఒక రాయి మీద కూర్చుని, పై ఊళ్ల నుంచి కావిళ్లు మోసుకుని దిగేవాళ్లని చూసేవారు. చింతపండు, అడ్డాకులు, కాఫీ గింజలు, పసుపు. ఎవరెంత సరుకు తెచ్చారన్నది ఆయనకి పట్టేది కాదు. ఒకసారి నేనూ పక్కన కూర్చున్నాను.

"మొహాలు సూడకండి మాస్టారూ, మడమలు సూడండి," అన్నారు. "బరువుతో దిగినోడు నెక్స్ట్ అడుగు ఎక్కడెయ్యాలో ముందే సూసుకుంటాడు. ఫుట్‌బాలంటే ఇంకేటుందీ?"

అలా ఏరిన కుర్రాళ్లతో ఆయన కింది ఊళ్ల క్లబ్బులు ఆడే లీగులో, రెండో డివిజన్లో చోటు సంపాదించారు. మొదటి మ్యాచికి స్కూలు బంతి అడిగితే మా హెడ్మాస్టరు ఇవ్వలేదు. బంతులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవాడాయన. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టేవాడు. ఆడితే పాడవుతాయట. ఆ పెద్దమనిషి సంగతి మళ్లీ వస్తుంది.

రిటైరయ్యాక మాస్టారికి ఒక కొత్త వ్యసనం పట్టుకుంది. మా ఊళ్లో ఫోను సిగ్నల్ దొరికేది వాటర్ ట్యాంకు మెట్ల మీదే. వారానికోసారి ఆ మెట్లెక్కి, స్కాట్లాండులో నాలుగో డివిజన్ ఫుట్‌బాల్ ఫలితాలు చూసేవారు. పై డివిజన్లు కాదు, నాలుగోది. అందులోనూ అట్టడుగున ఉన్న జట్టు ఏం చేసిందన్నదే ఆయన దిగులు. ఎక్కడ తగిలిందో ఒక ఫోటో దాచుకున్నారు. వెనక కొండ, పొగమంచు, కంచె దగ్గర వానకోట్లు తొడుక్కున్న పాతిక మంది, ఒక కుక్క.

"ఇది మనూరే మాస్టారూ. కుక్కతో సహా," అన్నారు.

ఆ దేశపు నవలలు నేను అరడజను చదివాను. అక్కడ నాలుగో డివిజన్ ఉందని గానీ, దాన్ని చూడ్డానికి పాతిక మంది వానలో నిలబడతారని గానీ నాకు ఏ నవలా చెప్పలేదు. "దేశాలన్నీ వదిలేసి అదేం పిచ్చండీ?" అని వెక్కిరించాను. ఆయన నవ్వలేదు.

"ఆళ్లకాడ అట్టడుక్కి పడిపోయినోడికి ఉత్తరం రాసి పంపించెయ్యరు. కింద నుంచి ఎక్కాలనుకున్నోడితో ఆడాలి. నెగ్గితే ఉంటాడు, ఓడితే పోతాడు. ఆడకుండా ఎవుడూ పోడు. బాగుంది కదా?"

బాగుందన్నాను, ఆయన మాట తీసిపారేయడం ఇష్టంలేక. ఆ మాట మా ఊరికి ఎంత అవసరమో మరుసటి సీజన్లో తెలిసింది.

సీజన్ ఆఖరి మ్యాచ్ కింద మైదానంలో. కొండ మీద ఎవరూ తేదీలతో రోజులు లెక్కపెట్టరు, సంతలతో లెక్కపెడతారు. పెళ్లయినా, పంచాయతీ అయినా అంతే. మాస్టారూ అలాగే చెప్పారు: "రెండో సంత మర్నాడు పొద్దున్న బస్సు." పై ఊళ్లకి సిగ్నల్ లేదు. మాట నోటితోనే వెళ్లాలి. వెళ్లింది. కానీ ఆ వారం బంద్ అన్నారు, బస్సులు ఆగాయి, సంత ఒక రోజు వాయిదా పడింది. అంటే సరిగ్గా మ్యాచ్ రోజునే సంత. పై ఊళ్ల కుర్రాళ్లు తొమ్మిది మంది ఆ పొద్దున్న కావిళ్లెత్తుకుని సంతకి దిగుతుంటే, ఇక్కడి ఆరుగురితో మాస్టారు బస్సెక్కారు. ఏడుగురైనా లేకపోతే ఆట మొదలుపెట్టరు. గంట చూసి, ఎదుటి జట్టు ఆడకుండానే నెగ్గినట్టు వాకోవర్ రాసేశారు.

మర్నాడు బస్టాండులో ఆ తొమ్మిది మందీ బూట్లు తాళ్లతో కట్టి మెళ్లో వేసుకుని నిలబడ్డారు. కెప్టెన్ కుర్రాడు మాస్టార్ని చూసి పరిగెత్తుకొచ్చాడు.

"బేగి వచ్చేసినాం సార్! బస్సు ఇంకా రానేదు కదా?"

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేశారు. "మీ తప్పు కాదురా. నేను తేదీ సెప్పాలి. సంత సెప్పినాను."

ఆ వాకోవర్‌తో జట్టు అట్టడుక్కి పోయింది. వచ్చే సీజన్లో మీకు చోటు లేదని లీగ్ కమిటీ కాగితం పంపింది. కార్యదర్శి ఫోన్లో నాతోనే నవ్వుతూ అన్నాడు: "క్యాలెండర్ చూడ్డం రాని టీముకి లీగ్ ఎందుకు మాస్టారూ?" ఈ మనిషి ప్రతి సీజన్ ప్రారంభానికీ పంచాంగం విప్పించి, రాహుకాలం తప్పించి ముహూర్తం పెట్టిస్తాడు. తిథి చూసి బంతి తన్నేవాడు చదువుకున్నవాడు, సంత చూసి బస్సెక్కేవాడు మొద్దు! ఈ మాట ఆ రోజు ఫోన్లో అనాల్సింది. అనలేదు. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను. నా శౌర్యం ఎప్పుడూ ఇంతే.

అర్జీ నేనే రాసిపెట్టాను. తరతరాల వివక్ష, అడవిబిడ్డల ఆక్రందన వగైరా రెండు పేజీలు దంచాను. మాస్టారు నిదానంగా చదివి, పెన్సిల్ తీసుకుని అన్నీ కొట్టేశారు. రెండు వాక్యాలు మిగిల్చారు: "మా తప్పు వల్ల ఆట పోయింది. చోటు కోసం ఒక ఆట ఇవ్వండి, ఓడితే వెళ్లిపోతాం." నా జీవితంలో నేను రాసినవాటిలో అంత మంచి తెలుగు లేదు, అది నాది కాదు కూడా.

జవాబు రాలేదు. రెండుసార్లు స్వయంగా దిగివెళ్లి అడిగారు. "పరిశీలనలో ఉంది" అన్నారట. ఆయన మాత్రం కుర్రాళ్లని రోజూ ఆడిస్తూనే ఉన్నారు. "ఎల్లుండి ఆడమన్నా ఆడాలి కదా," అనేవారు. రాళ్లు ఏరింది అందుకే.

పదకొండో రోజున స్కూల్లో సంతాప సభ. బంతులకి తాళం వేసిన హెడ్మాస్టరు ముందు లేచి, తామిద్దరూ కలిసి ఈ కొండకి క్రీడలు నేర్పామన్నాడు. గొంతు కూడా వణికించాడు. తరవాత కార్యదర్శి. కారులో నడుమెత్తు కప్పు ఒకటి తెచ్చాడు. మాస్టారి పేరున ఏటా ఒకరోజు పోటీ పెడతామనీ, ఇది ఆ స్మారక కప్పనీ ప్రకటించాడు. చప్పట్లు. మాస్టారి భార్యని వేదిక మీదికి పిలిచారు. ఫోటో తీసేవాడు ఎటు నిలబడాలో చెబుతున్నాడు.

ఆమె కప్పు అందుకోలేదు.

"అమ్మా, తీసుకోండి. మాస్టారు మాకు తండ్రిలాంటోరు," అన్నాడు కార్యదర్శి.

"మరి తండ్రి అర్జీ ఎట్టినాడు కదా బాబూ. సదివినావా?"

"అదీ... కమిటీలో ఉందమ్మా."

"రెండు ముక్కలే కదా. నాకు సదువు రాదు, నాకే కంఠతా వొచ్చేసింది. ఈ బిందె అట్టుకెళిపో నాయనా. మా కుర్రోళ్లకి ఒక ఆటియ్యి. ఓడిపోతే ఓడిపోనామంటాం."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు, బిందె అన్నందుకు. కార్యదర్శి కూడా నవ్వేసి, "చూద్దామమ్మా, తప్పకుండా చూద్దాం," అంటూ కప్పు హెడ్మాస్టరు చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని భద్రంగా పట్టుకుని ఫోటోకి నిలబడ్డాడు.

ఆ పక్కన కుర్చీలో నేనున్నాను. నేనైనా లేచి, ఇప్పుడే, ఈ జనం ముందే జవాబు చెప్పమని అడగొచ్చు. నలభై ఏళ్లు మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి, నోరు తెరవలేదు. ఈ నాలుగు పేజీల్లో అందర్నీ తిట్టాను గనక నన్నొక్కణ్ణి వదలడం న్యాయం కాదు.

మొన్న కొత్త సీజన్లో ఏ వారం ఎవరితో ఎవరు ఆడాలో జాబితా వచ్చింది. పంచాయతీ గోడకి అంటించిన కాగితం పీకి, మాస్టారి భార్య, సంతకి పసుపు కొమ్ములు ఏరిన చేతులతోనే, నా దగ్గరికి తెచ్చింది. "సదువు బాబూ," అంది. చదివాను. పన్నెండు జట్లుండే రెండో డివిజన్లో ఇప్పుడు పదకొండే ఉన్నాయి. మా జట్టు లేదు. మా బదులు ఇంకెవర్నీ కూడా తీసుకోలేదు.

ఆమె ఏడవలేదు. కాగితం మోకాలి మీద పరుచుకుని చూస్తూ కూర్చుంది. తరవాత ఒకచోట వేలు పెట్టింది.

"అన్నిట్లోనూ రెండేసి పేర్లున్నాయి కదా. ఇక్కడ ఒకటే ఉంది. ఈ గీతేటి?"

"జట్లు బేసి సంఖ్య అయ్యాయమ్మా. ఆ వారం ఆ జట్టుకి ఆట లేదు. ఊరికే కూచుంటారు."

"ఆడ్డానికి ఎవులూ నేకా?"

"ఎవరూ లేక."

ఆమె వేలు కిందికి జరిపి తరవాతి వారంలో గీత వెతుక్కుంది. దొరికింది. మళ్లీ ఆ తరవాతి వారం. పసుపంటిన ఆ వేలు ఒక్కో గీత దగ్గరా కాసేపు ఆగుతూ, నేను చూస్తుండగానే, కాగితం చివరిదాకా దిగింది.