ప్లైవుడ్ ముక్కల చలిమంట

సుక్కమ్మ ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే, కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడిగినట్టే జవాబిస్తాడు వెంకటనర్సయ్య. దమ్ముతో పోయింది అంటాడు. చలికాలంలో పోయింది అంటాడు. అంతే, కండువా దులుపుకుని లేస్తాడు. పెళ్లాం పోయినా కంట తడి పెట్టలేదు, రాయిలాంటి మనిషని దూలపల్లిలో అతని గల్లీ వాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లకేం పోయింది? ఆ మనిషి సంగతి తెలియాలంటే ముందు అతని సిమెంటు సంచి సంగతి తెలియాలి.

వెంకటనర్సయ్యకు అరవై ఎనిమిదేళ్లు. తలుపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా రాత్రి వాచ్‌మన్. సాయంత్రం ఆరింటికి పోతే పొద్దున ఆరింటికి వస్తాడు. చాయ్ తాగి పడుకుంటాడు, రెండింటికి లేస్తాడు, తింటాడు, మళ్లీ డ్యూటీకి తయారవుతాడు. రెండు మాటలు కావలసిన చోట ఒక్క మాటతో సరిపెట్టే రకం. సుక్కమ్మ అట్లా కాదు. ఇరవై ఏళ్లు పప్పు మిల్లులో చాటతో చెరిగి, రొమ్ము నిండా దుమ్ము నింపుకున్న మనిషి, అయినా నోరు ఆగేది కాదు. ఎవరూ దొరక్కపోతే గిన్నెలతో మాట్లాడేది.

అరవై దాటాక ఆమెకు దమ్ము, అదే ఉబ్బసం, పట్టుకుంది. చలి మొదలైతే చాలు, పొద్దున్నే గొంతులో పిల్లికూతలు. వెంకటనర్సయ్య మేడ్చల్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు మంచివాడే కానీ బయట యాభై మంది వరసలో ఉన్నారు.

"ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?"

"లేదు సార్, గ్యాసే."

"బీడీలు తాగుతావా?"

"జిందగీల ముట్టలే సార్."

రెండూ నిజాలే. డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, "చలి తగలనివ్వకు, వెచ్చగా ఉంచు" అని ఇంకొకరిని పిలిచాడు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. సుక్కమ్మకు కూడా వెచ్చదనమే కావాలి. కంపెనీలో కోత మిషన్ పక్కన ప్లైవుడ్ ముక్కలు కుప్పగా పడి ఉండేవి. కొన్నింటి మీద నున్నటి రంగు షీటు, కొన్నింటి అంచున కారి గట్టిపడ్డ జిగురు. సేటును అడిగితే, తీసుకుపో, మాకూ జాగా ఖాళీ అవుతుంది అన్నాడు. ఆ మర్నాటి నుంచి రోజూ ఒక సిమెంటు సంచి నిండా ముక్కలు భుజాన వేసుకుని ఇంటికి రావడం మొదలైంది. ఒక్క అగ్గిపుల్లకే భగ్గున అంటుకునేవి. అంతకంటే సుఖమైన మంట ఇంకెక్కడుంటుంది?

రేకుల ఇంటి గడప ముందు మంట వేసి, పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాడు. సుక్కమ్మకు షాలు కప్పి కూర్చోబెట్టేవాడు. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూసి, వేడి బాగా తగిలే వైపే ఆమె కుర్చీ జరిపేవాడు. ఆ గంట సేపు పడుకోవాలన్న ఆత్రం కూడా ఉండేది కాదు అతనికి.

"రాత్రి ఎన్ని లారీలొచ్చినయి?" అని ఆమె రోజూ అడిగేది.

"మూడు."

"గా గండిమైసమ్మ దిక్కు లారీ డ్రైవర్ వచ్చిండా, బిడ్డ పెండ్లన్నడు?"

"వచ్చిండు. లడ్డు పెట్టిండు."

"నాకు తేలే?"

జేబులోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చేవాడు. ఆమె నవ్వేది, నవ్వు దగ్గులోకి దిగేది, దగ్గి దగ్గి కళ్లనీళ్లు తుడుచుకునేది. అతను ఇంకో రెండు ముక్కలు మంటలో వేసేవాడు.

డిసెంబరులో ఇటువైపు ఎనిమిదైనా పొద్దు కనిపించదు. ఇళ్ల మీద తెల్లగా ఏదో పరుచుకుని కదలకుండా నిలబడుతుంది. మంచు ఎంత అందంగా ఉందో అని కుర్రవాళ్లు ఫోన్లలో ఫోటోలు తీస్తారు. అందులో మంచు ఎంతో పొగ ఎంతో చూసే ఓపిక ఎవరికుంది? సుక్కమ్మ దగ్గు పొద్దున ఎక్కువ, ఎండెక్కాక తక్కువ. చలికే ఇదంతా అని వెంకటనర్సయ్య గట్టిగా నమ్మాడు. దగ్గు పెరిగిన కొద్దీ మంట పెంచాడు. మూడో చలికాలానికి సంచి చాలక రెండు సంచులు తెచ్చాడు.

ఆ మూడో చలికాలంలోనే కూతురు పద్మలత వచ్చి తల్లిని శామీర్‌పేటకు తీసుకుపోయింది. అల్లుడు ఎల్లేష్‌ది మొక్కల నర్సరీలో పని, ఇల్లు చెరువుకు దగ్గర. అక్కడ చలి దూలపల్లి కంటే ఎక్కువ. అయినా అక్కడున్న తొమ్మిది రోజుల్లో సుక్కమ్మ దగ్గు సగం తగ్గింది. పీల్చే మందు పొద్దున ఒక్కసారితో సరిపోయింది. ఫోన్‌లో ఆ మాట వింటే ఎవరైనా సంతోషిస్తారు. వెంకటనర్సయ్య బెంగపడ్డాడు. చెరువు గాలిలో మంటేసే దిక్కు లేకుండా మనిషిని పెట్టారని పదో రోజు బస్సెక్కి పోయి తీసుకొచ్చాడు. సుక్కమ్మ మారుమాట లేకుండా చీరలు సంచిలో సర్దుకుంది.

ఆ తరువాత పదహారు రోజులకు, మంట దగ్గరే, లడ్డు గురించో లారీల గురించో ఏదో అనబోయి ఆమె ముందుకు వాలింది. ఆటోలో దవాఖాన చేరేసరికి అయిపోయింది.

వెంకటనర్సయ్య దినాలు చేశాడు, డ్యూటీకి పోయాడు. లోపల ఏమీ కదల్లేదు. ఏడుపు వస్తుందేమోనని ఒకటి రెండుసార్లు తలుపేసుకుని కూర్చుని కూడా చూశాడు. రాలేదు. సంచి తేవడం మాత్రం మానలేదు. మళ్లీ చలి మొదలయ్యాక మంటేసుకుని ఒక్కడే కూర్చునేవాడు, పక్కన ఖాళీ కుర్చీ.

ఒక రోజు అరవై దాటినవాళ్ల ఊపిరి చూడడానికి ప్రణీత అనే ఆరోగ్య కార్యకర్త గల్లీకి వచ్చింది. అతని వేలికి మిషన్ పెట్టి, అంకెలు రాసుకుని, గడప పక్క గోడ వైపు చూసింది.

"గోడ గిట్ల నల్లగైందేంది తాతా?"

"సలిమంట బిడ్డా. ప్లైవుడ్ ముక్కలు. మా ముసల్దానికి సలి పడకపోతుండె, దమ్ముండె."

ఆమె పెన్ను ఆగింది.

"ఏడ కూసుంటుండె అవ్వ?"

అతను కుర్చీ చూపించాడు. గాలి అటే వస్తది బిడ్డా, వేడి మంచిగ తగుల్తది అని కూడా చెప్పాడు.

"తాతా, గా ముక్కలల్ల జిగురుంటది, పైన షీటు ఉంటది. గవి కాలిన పొగ దమ్మున్నోళ్లకు అస్సలు పడది. సలికాలం పొగ పైకి పోదు, మనుషుల మీదనే తిరుగుతది. ఇగ ముందట ఏయకు." ఆ పిల్ల అతని ముఖం చూడలేక కాగితాలు సర్దుకుంది. "నీకు కూడా దగ్గున్నది కద తాతా."

వెంకటనర్సయ్య ఆ పగలు పడుకోలేదు. బస్సులో మేడ్చల్, అక్కడి నుంచి ఆటోలో శామీర్‌పేట పోయాడు. పద్మలత బట్టలు ఆరేస్తోంది. మంచినీళ్లు కూడా అడగలేదు.

"మీ అమ్మ ఈడున్నప్పుడు దగ్గు తక్కువుండె గద. పొగ సంగతి ఏమన్న అన్నదా?"

పద్మలత చేతిలోని తడి చీర బకెట్లో వదిలేసింది.

"అమ్మకు ఎరుకే నాయినా. పొగకే దగ్గొస్తాంది బిడ్డా అని నాతోని అన్నది. మరి నాయినకు చెప్పరాదే అన్న."

"ఏమన్నది?"

"చెప్తే మీ నాయిన మంట బంద్ జేస్తడు, బంద్ జేస్తే నా పక్కన కూసోడు అన్నది. వొచ్చుడు, పండుడు, పోవుడే ఆయె, గా గంట సేపే నాతోని ఉంటడు అన్నది."

అతను తలూపాడు. కూతురు అన్నం పెడతానంటే డ్యూటీకి ఆలస్యమవుతుందన్నాడు. ఆటోలో పక్కనాయన ఏదో అడిగితే జవాబు కూడా సరిగ్గానే చెప్పాడు. గుండె మీద ఎవరో చెయ్యి పెట్టి మరిచిపోయినట్టుంది, నొప్పి కూడా కాదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఖాళీ సంచి మడత పెట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. రోజూ వేసినట్టే రెండు కుర్చీలు వేశాడు, అగ్గిపెట్టె తీయలేదు. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "రాత్రి రెండే లారీలొచ్చినయి" అన్నాడు. గంట సేపు అట్లాగే కూర్చున్నాడు. మంట లేకుండానే కూర్చోవచ్చు.

ఆ గంటలో వెంకటనర్సయ్యకు ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.