చల్లారిన బజ్జీలు

మొన్న ఆదివారం సాయంత్రం ఐదూ ఇరవైకి, చైతన్యపురిలో బండి దగ్గర కొని ఇంటికి తెచ్చిన మిరపకాయ బజ్జీ కొరికి నాలుక కాల్చుకున్నాను. అరవై దాటినవాడికి బజ్జీ తినడం రాదా అని మీరు నవ్వవచ్చు. పెళ్లయిన నాటి నుంచి నాకు వేడి బజ్జీ తినే అవకాశమే రాలేదు. మా ఇంట్లో ఏది తినాలన్నా ముందు మా ఆవిడ ప్రార్థన చేసేది, ఆమె ఆమెన్ అనే వేళకు ఎంత మరిగే నూనెలోంచి తీసిన బజ్జీ అయినా చల్లారి మెత్తబడి ఉండేది. ఆమె పోయి ఏడాదైంది.

ఆమె ఉన్న రోజుల్లో నేనొక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఫిజిక్స్ చెప్పే ఆయనది నల్లగొండ దగ్గర పల్లె, కెమిస్ట్రీ ఆయనది గుంటూరు వైపు. ఇద్దరూ ఎల్బీ నగర్‌లో పక్కపక్క వాటాల్లో అద్దెకుంటూ, ఆదివారం సాయంత్రం ఒకే స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చేవారు. వచ్చేది బజ్జీల కోసమే అయినా, పైకి చెప్పే కారణం మా ఆవిడ నమ్మే పరిశుద్ధాత్మ సంగతి తేల్చడం. కనపడకపోయినా ఆకుల్ని కదిలిస్తుంది కదా అని ఆమె గాలితో పోల్చింది. "గాలికి బరువుంటది వదినె, తూచి చూపిస్త" అన్నాడు ఫిజిక్స్ ఆయన. కరెంటుతో పోలిస్తే, దానికి మీటరుంటదన్నాడు. పూల వాసన అంటే కెమిస్ట్రీ ఆయన అందుకుని, అందులో ఏ పదార్థం ఉంటుందో పేరుతో సహా చెప్పాడు. ఓడినప్పుడల్లా ఆమె బజ్జీలు మాడుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను ఎవరి పక్షమూ కాదు. ఆమె వెంట చర్చికి వెళ్లేవాణ్ణే గాని, నలుగురిలో నోరు తెరిచి ప్రార్థించడం నాకు చేతకాదు.

ఒకసారి పరీక్షలో ఒక ప్రశ్నకు సరైన జవాబు ఏదన్నదాని మీద వాళ్లిద్దరికీ పిల్లల ముందే మాటామాటా పెరిగి, పలకరింపులు ఆగిపోయాయి. ఫిజిక్స్ ఆయన వేరే సెంటర్లో చేరతానని మాట కూడా ఇచ్చి వచ్చాడు. ఆ ఆదివారం ఒకరు స్కూటర్ మీద, ఒకరు బస్సులో వచ్చి చాప మీద చెరో చివర కూర్చున్నారు, మధ్యన బజ్జీల పళ్లెం.

మా ఆవిడ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. వానలు, పిల్లల ఫలితాలు అయ్యాక వీళ్లిద్దరి పేర్లూ ఎత్తి, ప్రభువా, ఒకే స్కూటర్ మీద వచ్చినప్పుడు వీళ్లకు పెట్రోలు కూడా కలిసొచ్చేది, వీళ్లు మాట్లాడుకునేదాకా నేను ఆమెన్ అనను అని ఊరుకుంది. వినేవాడే లేడని వాదించే ఆ ఇద్దరూ కళ్లు తెరవలేదు. నేను దొంగచూపు చూశాను గనక నాకు తెలుసు. బజ్జీలు చల్లారుతున్నాయి. చాలాసేపటికి ఫిజిక్స్ ఆయన, "సరే తియ్ సార్, గా జవాబు నేనే తప్పు చెప్పిన" అన్నాడు. "నేనూ పిల్లల ముందు అలా అనకుండా ఉండాల్సిందండీ" అన్నాడు కెమిస్ట్రీ ఆయన. అప్పుడు వినపడింది ఆమెన్.

నోట్లో బజ్జీ ఉండగానే ఫిజిక్స్ ఆయన మళ్లీ అందుకున్నాడు.

"మా ఇద్దరిని కలిపింది ఆత్మ కాదు వదినె, ఆకలి."

"ఆకలైతే పళ్లెం మీ ముందే ఉందిగా మరిదిగారూ, అందరం కళ్లు మూసుకునే ఉన్నాం. మీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"మర్యాద."

"అయితే దాన్ని తూచి చూపించండి."

కెమిస్ట్రీ ఆయనకు నవ్వుతో పొలమారింది. వచ్చే ఆదివారం చెప్తనన్నాడు ఫిజిక్స్ ఆయన. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్లారు, వేరే సెంటర్ మాట మళ్లీ రాలేదు, మర్యాదను తూచే లెక్క కూడా రాలేదు.

మొన్న ఆదివారం వాళ్లిద్దరూ మెట్రోలో వచ్చారు. పళ్లెం మధ్యన పెట్టాను, ఎవరూ చెయ్యి చాపలేదు. ఏమైందని అడిగితే, "ఎవరన్న ప్రార్థన జేస్తరేమోనని చూస్తున్న" అన్నాడు ఫిజిక్స్ ఆయన, నా వైపు చూడకుండా. ప్రభువా అందామని నోరైతే తెరిచాను. తెరిచిన నోరు ఏదో ఒకటి చేయాలి గనక ఒక బజ్జీ తీసి కొరికాను. తర్వాత వాళ్లూ తీసుకున్నారు.

మా ఇంట్లో ఇప్పుడు బజ్జీలు చల్లారేదాకా ఎవరూ ఆగడం లేదు.