ఒక కంపెనీ, ఇద్దరు ఎండీలు, ఒక వీసా

ఆత్మకూరు నుంచి అమెరికా దాకా వ్యాపారం నడిపింది నేనేనని చాలామందికి చెప్పుకున్నాను. నడిపింది ఇద్దరం. కంపెనీ కాగితాల్లో నేనూ, నా భార్య తమ్ముడూ ఇద్దరమూ మేనేజింగ్ డైరెక్టర్లమే. ఉదయగిరిలో మా పనివాళ్ళు కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతారు. ఆత్మకూరులో పెట్టెలకెత్తి పంపుతాం. అమెరికా అంటే అక్కడొక అద్దె గోడౌను, అందులో ఇద్దరు ఉద్యోగులు.

చూసుకునే పెద్ద లేక అక్కడ అమ్మకాలు పడిపోయాయి. మాలో ఒకరు వెళ్ళి కూర్చోకపోతే ఆ గోడౌను మూసెయ్యాల్సిందే. అది మూస్తే ఉదయగిరిలో సగం ఉలులకు పని ఉండదు. నా మోకాళ్ళు విమానం దాకా కూడా రావు కనుక బావమరిది వెళ్ళాలి. కంపెనీ పెద్దలు తమ సొంత బ్రాంచికి వెళ్ళడానికి ఇచ్చే వీసా ఒకటి ఉంది. దాని సంగతి చెన్నైలో ఒక లాయరమ్మ చెప్పింది.

"ఇద్దరు పెద్దలుంటే తప్పేం లేదు సార్. ఎవరి అధికారం ఏదో విడివిడిగా రాయాలి. వెళ్ళే మనిషి నిర్ణయాలు తీసుకునేవాడని తెలియాలి."

రాసే పని నేను తీసుకున్నాను. నాలుగు పేజీలయింది. ధర తేల్చేది నేను, మనుషుల్ని పెట్టుకునేది నేను, కొత్త రకం గరిటెకు సరే అనేది నేను. బావమరిది "సహకరించును".

లాయరమ్మ ఫోన్ చేసింది. బావమరిది పక్కనే ఉంటే స్పీకర్ పెట్టాను.

"సార్, ఇది చదివితే వీసా మీకిస్తారు. ఆయనకు తలూపే ఉద్యోగం తప్ప ఏం మిగల్చలేదు మీరు." తర్వాత అతన్నే అడిగింది. "కొనేవాడు ధర తగ్గించమంటే ఎవరు తేలుస్తారండీ?"

"మా బావను అడిగి చెప్తానమ్మా," అన్నాడు.

"ఇంటర్వ్యూలో ఈ మాటంటే అక్కడితో సరి," అంది లాయరమ్మ.

తప్పు అతనిది కాదు. మా బజారు పద్ధతి అది. ఇద్దరు భాగస్తులున్న కొట్లో మొహం మీద కాదనరు, రెండోవాణ్ణి అడగాలంటారు. బావమరిది వరండాలోకి పోయి, టీ తాగి వచ్చి, "మా బావ ఒప్పుకోలేదన్నా" అనేవాడు. నన్ను అడిగింది లేదు. నాకు తెలుసు. బజారులో నేనంటే భయం పుట్టింది దానివల్లే గనక ఊరుకున్నాను. చివరికి ఆ భయాన్ని నేనే నమ్మి నాలుగు పేజీలు నింపాను.

మర్నాడు మళ్ళీ రాశాను. ఈసారి పేజీ కూడా నిండలేదు. సరుకు, ధర, అమ్మకం, వాటిని ఇక్కడ చూసే ఇద్దరు మేనేజర్లు, అన్నీ అతని కింద. నాకు "మిగతా పనులు" అని పెట్టి సంతకం చేశాను.

బావమరిది చదివాడు.

"ఏంది బావా, నిన్న అట్టా పెంచినావు, ఇయ్యాల ఇట్టా తుంచినావు? ఉండేది ఉన్నట్టు రాయలేవా?"

"ఇదే నిజంరా."

"ఉదయగిరిలో పనోళ్ళు ఉలులు కింద పెట్టినప్పుడు ఎవరు పోయినారు? మూడు దినాలు వాళ్ళ కాడ కూర్చోని కూలి తేల్చినావే, నన్ను అడిగినావా?"

అడగలేదు.

"అది రాయి. పనోళ్ళు నీ కింద, అమ్మకం నా కింద. ఆయమ్మ అడగతా ఉండేది ఇదే గదా."

అలాగే రాసి పంపాం. అర్జీకి అమెరికాలో ఆమోదం వచ్చింది. చెన్నైలో వాళ్ళ కాన్సులేటులో ఇంటర్వ్యూ మిగిలింది. వారం రోజులు మా ఆవిడ గిరాకీలా ఎదురుగా కూర్చుని తమ్ముడితో బేరమాడింది. "మా బా..." అనగానే గరిటె ఎత్తేది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అదే అడిగినారు బావా. ధర ఎవరు తేలుస్తారని."

"ఏమన్నావురా?"

"నేనేనన్నాను. అయితే మీ బావ ఏం చేస్తాడన్నారు. పనోళ్ళను చూస్తాడు, దాంట్లో నేను వేలు పెట్టనని చెప్పినాను."

"తర్వాత?"

"పాస్‌పోర్టు పెట్టుకున్నారు. వీసా వేసి పంపిస్తారంట."

ఫోన్ పెట్టేసి ఉదయగిరికి చేశాను. అమెరికా సరుకు చెక్కడం ఎవరూ ఆపొద్దని చెప్పాను.