ఆపి ఉంచిన రిపోర్టు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూలైలో, ఢిల్లీలోని ఓ ప్రభుత్వ ఆసుపత్రి క్రోమోజోముల ల్యాబుకు నన్ను సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. రిపోర్టు కింద సంతకం డాక్టరుగారిది, అందులోని ప్రతి అక్షరానికీ పూచీ నాది. మైక్రోస్కోపు ముందు నా అంత మొండిమనిషి ఇంకొకరు లేరని అక్కడ పేరు. ఆ పేరు నాకు ఇష్టమే.

పదేపదే గర్భం పోయే దంపతులిద్దరి రక్తమూ మా దగ్గరికి వస్తుంది. ఆకుపచ్చ మూత గొట్టంలో తీసిన ఆ రక్తంలోని కణాలను మూడు రోజులు పెంచి, స్లైడు మీద పరిచి, రంగు వేసి, నలభై ఆరు క్రోమోజోములనూ జతలుగా పేర్చి చూస్తాం. పోయిన పిండం నుంచి కాస్త కణజాలం దొరికితే అదీ చూస్తాం.

అలా వచ్చింది శ్రీకాకుళం వైపు అమ్మాయి లక్ష్మి కేసు. భర్త రమణ కంటోన్మెంటులో హవల్దారు. మూడు గర్భాలు పోయాయి. మూడోది మగపిండం. అందులో నాలుగో క్రోమోజోము ముక్క ఒకటి ఎనిమిదో దానికి అతుక్కుని ఉంది. ఇలాంటిది చాలాసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో దిగుతుంది. వాళ్లలో ముక్కలు చోటు మారినా లెక్క సరిపోతుంది కాబట్టి ఆరోగ్యంగానే ఉంటారు. బిడ్డకు సగం మార్పే చేరితే నిలవదు. లక్ష్మి రక్తం మామూలుగా ఉంది. రమణ పేరుతో వచ్చిందీ మామూలే. అంతటితో ఆగలేదు. తండ్రి నుంచి కొడుక్కి ఉన్నదున్నట్టు దిగే వై క్రోమోజోము పిండంలో పొడుగ్గా ఉంది, రమణ గొట్టంలో పొట్టిగా ఉంది. అంటే ఆ గొట్టంలో రక్తం ఇచ్చినవాడు ఈ పిండానికి తండ్రి కాడు.

పక్క టేబులు టెక్నీషియన్ నరేశ్ అది చూసి, "మేడమ్, మామలా గడ్‌బడ్ హై" అని, వ్యవహారం ఏదో తేడాగా ఉందన్నట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "స్లైడ్ దేఖో, సీరియల్ మత్ దేఖో" అని, స్లైడు చూడు, సీరియల్ కథలు చూడకని కసిరాను.

డాక్టరుగారు ఉన్నది ఉన్నట్టు రాసేయమన్నారు. ఆ కాగితం భర్త చేతికి వెళ్తే లక్ష్మి గతేమిటి? కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. రిపోర్టు సంగతి చెప్పాలా! ముందు ఆ రక్తం ఎవరిదో తేలాలని రిపోర్టు ఆపేశాను. మా కౌంటరులో అప్పట్లో పేరు పిలిస్తే చేయి చాపినవాడే పేషెంటు. గుర్తింపు కార్డు అడిగే అలవాటే లేదు.

రమణను ఒక్కడినే పిలిచి, మళ్లీ రక్తం ఇవ్వాలి, అదీ నా ఎదుట, అన్నాను. మనిషి ముఖం పాలిపోయింది.

"తప్పయిపోనాదమ్మా! ఫారంలో యూనిట్ నంబరడిగినారు. లోపముందని యూనిట్‌కి తెలిస్తే మెడికల్ కేటగిరీ పడిపోతాది, ప్రమోషన్ ఆగిపోతాదని బయమేసింది. మా బేరక్‌లో ఉన్నోడి చేత ఇప్పించీసినాను."

ఇక నా నోరు ఆగలేదు. నీ ప్రమోషన్ కోసం నీ పెళ్లాం కొంప ముంచేవాడివి నాయనా అని, రెండు వై క్రోమోజోముల ఫోటోలూ ముందు పెట్టి విడమరిచి చెప్పాను. అతను తల పట్టుకుని ఏడ్చాడు. జాలి కలిగింది గాని వదల్లేదు. ఈ సంగతి లక్ష్మికి నువ్వే చెప్పాలన్నాను.

కొత్త రక్తం మూడు రోజులు పెంచి నేనే చూశాను. వై పొడుగ్గా ఉంది. నాలుగు, ఎనిమిది క్రోమోజోములు ముక్కలు మార్చుకుని ఉన్నాయి. స్టూలు మీద కూర్చుని హమ్మయ్య అనుకున్నాను. ఆ క్షణం గర్వపడ్డానంటే దాచుకోవడానికేముంది!

జన్యు సలహా గదిలో డాక్టరుగారు వివరించారు. అది రోగం కాదు, ఎవరి తప్పూ కాదు, ఈసారి గర్భంలోనే ముందుగా పరీక్ష చేయించుకోవచ్చు అని. రమణ తను చేసింది తనే చెప్పాడు. లక్ష్మి కుర్చీలో అతని వైపు తిరిగింది. "మూడేళ్లుగా నాదే దోసమని ఉపవాసాలుండీసినాను. ఈ మాట మా అత్తకీ నువ్వే సెప్పాల" అంది. చెప్తానన్నాడు.

వాళ్లకు తర్వాత బిడ్డ పుట్టిందో లేదో నాకు తెలియదు. ల్యాబువాళ్లకు తెలిసేది స్లైడు వరకే. ఆ నెలాఖరుకు కౌంటరులో గుర్తింపు కార్డు చూడందే సూది గుచ్చకూడదని నియమం పెట్టించాను. కొత్తగా చేరినవాళ్లకు కారణం చెప్పేదాన్ని, పేర్లు చెప్పకుండా. రెండు స్లైడులు కలవకపోతే ముందు అనుమానించాల్సింది గొట్టాన్ని, ఆడమనిషిని కాదు.