ముందుగదిలో పదకొండు ఊపిర్లు

మా బావ అచ్చుయంత్రాలు అమ్మేసి మొదటి సినిమా తీశాడు. తర్వాతి వాటికి పళ్ల డాక్టర్నీ, సిమెంటు కొట్టాయన్నీ, రిటైరైన లెక్కల మాస్టారినీ మాటలతో బుట్టలో వేసుకున్నాడు. పాతికేళ్లలో అయిదు సినిమాలు. ఒక్కటీ పెద్ద హాళ్ల మొహం చూడలేదు. అయినా డబ్బు పెట్టినవాళ్లెవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ కిటుకేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అద్దె దండగని ప్రతి సినిమాకీ సొంత ఇంటి ముందుగదినే వాడేవాడు. ఒకసారి అది పోలీసు స్టేషను, ఒకసారి పెళ్లికూతురి గది. మా అక్క తన ఇంట్లో తనే పక్కకు తప్పుకుంటూ తిరిగేది. శబ్దం రికార్డు చేసేది నేను, జీతం లేని బావమరిదిని.

మా పనిలో ఒక పద్ధతుంది. షూటింగ్ అయ్యాక, మాటల మధ్య ఖాళీల్లో అతికించడానికి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేస్తాం. నేను చెయ్యి ఎత్తితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి. మళ్లీ “చాలు” అనేదాకా అక్కతో సహా ఎవరూ కదలకూడదు.

మొదటి సినిమాలోనే ఆ నిమిషంలో ఏదో వినిపించింది. ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఊపిరి: లోపలికి, గొంతు దగ్గర చిన్నగా తట్టుకుని, బయటికి. మైకు ఒక్కదాన్నే గదిలో ఉంచి, అందర్నీ బయటికి పంపి, తలుపేసి మళ్లీ రికార్డు చేశాను. అదే వచ్చింది. పదకొండోసారి బయటికి వెళ్లిన ఊపిరి తిరిగి లోపలికి రాలేదు. అయిదు సినిమాల్లోనూ అంతే. నాకు ఒళ్లు జలదరించేది. బావ విని నవ్వేవాడు.

“ఉండనీరా. పైసా అడక్కుండా పనిచేసేది ఈ ఇంట్లో నువ్వూ, అదీ.”

పోయిన నెల, ఆరో సినిమా సగంలో ఉండగా బావ మంచాన పడ్డాడు. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందుగదిలోనే పడుకోబెట్టారు. గండం గడిచిందన్నాడు డాక్టరు. ఆ మాటతో అక్క మళ్లీ మనుషుల్లో పడింది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బావ నిద్రలో ఉన్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాను. గొంతు దగ్గర చిన్నగా తట్టుకుంటున్న ఆ ఊపిరిని పాతికేళ్లుగా వింటున్నాను.

అక్క మందుసీసాతో వచ్చింది. “నిన్నటికంటే మీ బావ ఊపిరి తేలిగ్గా ఉంది కదరా? నీ చెవి చెబితే నమ్ముతాను.”

“తేలిగ్గానే ఉందక్కా,” అన్నాను. మా బావంటే నాకు ప్రాణం. అక్కకి ఇంకేమీ చెప్పలేకపోయాను.

మంచం పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. అది కిర్రుమంది.

ఏదో అనబోతున్న అక్క వైపు చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో నాకే తెలియదు. పాతికేళ్ల అలవాటు కదా, ఆమె సీసాతో సహా ఉన్నచోటే ఆగిపోయింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పదకొండోది బయటికి వెళ్లింది.

అక్క కదలకుండా నా వైపే చూస్తోంది, నేను “చాలు” అనాలని. ఎత్తిన చెయ్యి నేనింకా దించలేదు.